ఫ్యాన్ కార్డూ, బోడి కార్డూ

ఆ రోజుల్లో కంప్యూటర్ కోర్సు చేసినవాడంటే ఊళ్ళో సగం డాక్టరు. మిక్సీ తిరగకపోయినా పిలిచేవాళ్ళు, టీవీలో బొమ్మ వణికినా పిలిచేవాళ్ళు. "కంప్యూటరే చదివినవాడికి ఇదెంత" అనేవాళ్ళు. గుంటూరులో ఏడాది కోర్సు చేసి, ఉద్యోగం రాక ఇంటిపట్టున ఉన్న నేను పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్ళి, విప్పిన ప్రతి వస్తువునీ మళ్ళీ బిగించి (ఒకటి రెండు మరలు మిగిలేవి, చప్పుడు చెయ్యకుండా జేబులో వేసుకునేవాణ్ణి) తిరిగొచ్చేవాణ్ణి. తెలీదు అనే మాట మాత్రం నోటికి వచ్చేది కాదు. ఇప్పుడు రోజుకు పదిసార్లు తెలీదంటాను, ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ హాయి తెలియక రెండు వేసవులు ధారపోశాను.

మా అక్కది చిలకలూరిపేట. బావ పదేళ్ళపాటు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తాగా చేసి దగ్గు తెచ్చుకున్నాడు. "యార్డు మానతావా, ఊపిరి మానతావా" అని డాక్టరు అడిగితే, వారం రోజులు ఆలోచించి యార్డే మానేశాడు. దాచుకున్నదంతా పెట్టి, ఎనిమిది కంప్యూటర్లతో పిల్లలు ఆటలాడుకునే సెంటరు తెరవాలన్నది ఆయన పథకం. పత్తి మిల్లు పక్కన రేకుల షెడ్డు ఒకటి దొరికింది. ఎండాకాలం సెలవులు మొదలయ్యేలోగా తెరవాలి. "ఇది నడవకపోతే మళ్ళీ ఆ ఘాటులోకే పోవాలిరా" అన్నాడు నాతో, దగ్గు ఆపుకుంటూ. అక్క ఆ మాట వినలేక లోపలికి వెళ్ళిపోయింది.

అన్నీ కుదిరాక గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఆగాం. తెర మీద బొమ్మలు చకచకా కదలాలంటే అది మంచిదై ఉండాలి. గుంటూరులో కొట్టువాడు రెండు రకాలు చూపించాడు, రెండూ అప్పటికే పాతబడిన మోడళ్ళు, ధర ఒకటే. ఒకదాని మీద, వేడెక్కకుండా, చిన్న ఫ్యాను గిర్రున తిరుగుతుంది. రెండోదాని మీద ఉత్త అల్యూమినియం దిమ్మె. బావ అక్కడికక్కడే వాటికి ఫ్యాన్ కార్డు, బోడి కార్డు అని పేర్లు పెట్టి, నమూనాకి చెరొకటి కొని, "ఏది మేలో నువ్వు తేల్చరా, చదివినోడివి" అన్నాడు.

నిజం చెప్పాలంటే నేను అప్పటికే తేల్చేశాను. ఫ్యాన్ కార్డు పెట్టె మీద కత్తి పట్టుకున్న వీరుడి బొమ్మ ఉంది. బోడి కార్డు పెట్టె మీద ఏమీ లేదు. అంతకన్నా ఏం కావాలి? కానీ బావ యార్డు మనిషి. "ఒరేయ్, మూటలో పైకాయ చూసి రేటు కట్టినోడు మునుగుతాడు. పైన గుప్పెడు, నడిమిన గుప్పెడు, అడుగున గుప్పెడు తీసి చూడాల. దీనికైనా అంతే. పొద్దున చూడు, మిట్టమధ్యాహ్నం చూడు, సాయంత్రం చూడు. కాయితం మీద రాయి" అన్నాడు. అలా ఆ రెండు కార్డులకీ మిర్చి మూటల పరీక్ష ఖాయమైంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డులో కూర్చున్నాను. కార్డు బిగించడం, కార్ల పందెం ఆట పెట్టడం, సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో తెర మూలన పడే అంకెను చూడడం, మళ్ళీ అంతా విప్పి రెండోది బిగించడం. ఫ్యాన్ కార్డుకి నలభై ఆరు వచ్చింది, బోడి కార్డుకి ముప్పై తొమ్మిది. నా వీరుడు గెలిచాడు. ఇంతలో పదకొండయింది, రేకులు కాగాయి, నా ఉత్సాహం కరిగింది. అక్క ఇల్లు ఊరికి ఆ చివర. భోజనానికని వెళ్ళాను. మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు. ఆపైన 'ఒక్క అయిదు నిమిషాలు' అని నడుం వాల్చాను. లేచేసరికి అయిదు కావస్తోంది.

పరుగున వెళ్ళి సాయంత్రం లెక్క చూశాను. నలభై నాలుగు, ముప్పై తొమ్మిది. కాగితం మీద నడిమి గడి మాత్రం ఖాళీగా నా మొహంకేసి చూస్తోంది. నిద్రపోయానని ఎలా చెప్పను? ఎటూ గెలిచేదెవరో తెలుసు కదా అని ఫ్యాన్ కార్డుకి నలభై అయిదు, బోడి కార్డుకి ముప్పై ఎనిమిది వేశాను (ఎండకని చెరొకటి తగ్గించాను కూడా, నిజాయితీ కోసం).

బావ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "మధ్యాహ్నం నలభై అయిదా?"

"నలభై అయిదు."

"నువ్వే చూశావా?"

"నేనే చూశాను బావా."

మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఇంకో ఆరు ఫ్యాన్ కార్డులు తెచ్చాడు. పారెయ్యడం ఇష్టంలేక బోడి కార్డును ఎనిమిదో కంప్యూటర్లో పెట్టాం.

సెంటరు తెరిచిన మూడోరోజు, మధ్యాహ్నం రెండు గంటలకి, షెడ్డు నిండా పిల్లలు. ఉన్నట్టుండి ఒకడు అరిచాడు, "అన్నోయ్, రోడ్డంతా గళ్ళ లుంగీ అయిపోయింది!" చూస్తే నిజంగానే తెర నిండా గళ్ళు. ఆ పక్కదీ అంతే, దాని పక్కదీ అంతే. పెట్టె విప్పితే లోపల ఫ్యాను రెక్కల చుట్టూ మిల్లు నుంచి వచ్చిన దూది నూగు, తలకి చుట్టుకున్న తువ్వాలులా. పైన రేకుల వేడి, లోపల ఊపిరాడని కార్డు. ఏడు కంప్యూటర్లు పడకేశాయి. ఎనిమిదోదానిలో బోడి కార్డు మాత్రం చెమటైనా పట్టకుండా పందెం నడుపుతోంది, దాని కుర్చీ కోసం పిల్లలు కొట్టుకుంటున్నారు. నేను దాని వైపు చూడలేకపోయాను.

బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఏం చేద్దాంరా?" అన్నాడంతే. నేనేం చేస్తాను? మర్నాటి నుంచి మా ఊళ్ళో బస్సెక్కి, ముప్పావుగంట ఎండలో కుదుళ్ళు కదిలేలా ప్రయాణం చేసి, పన్నెండింటికల్లా దిగి, రంగులేసే కుంచెతో ఏడు ఫ్యాన్లూ దులిపి, తుమ్మి, మళ్ళీ బిగించేవాణ్ణి. ఆదివారాలు కూడా. ఒళ్ళు నొప్పులని ఒక్కరోజు మానేస్తే ఆ మధ్యాహ్నమంతా పిల్లలు వెనక్కి పోయారని అక్క చెప్పింది, ఇక మానలేదు. సెంటరు నిలబడింది. బావ దగ్గు కూడా తగ్గింది. నాకు మాత్రం ఆ అలసట ఒంట్లో ఎక్కడో ఉండిపోయింది, ఇప్పటికీ మే నెల ఎండ చూస్తే కుంచె గుర్తొచ్చి తుమ్మొస్తుంది.

రెండో వేసవి చివర ఒంగోల్లో ఒక కాలేజీ వాళ్ళు కంప్యూటర్లు బాగుచేసే పనికి పిలిచారు. (ఆ పని నాకు ఎలా వచ్చిందో వేరే చెప్పాలా.) వెళ్ళేముందు గుండె దిటవు చేసుకుని చెప్పేశాను. "బావా, ఆ రోజు మధ్యాహ్నం నేను చూళ్ళేదు. ఇంట్లో నిద్రపోయాను. ఆ అంకెలు వేసింది నేనే."

"తెలుసు" అన్నాడు. "ఆ పూట మిల్లు కాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందిరా. పన్నెండు నుంచి నాలుగున్నర దాకా మన షెడ్డుకి కరెంటే లేదు. నువ్వటు భోజనానికి పోయినాక వచ్చి, చెమటలు కక్కుకుంటా కుర్చీలు సర్దింది నేనేగా."

 "తెలిసి తెలిసి ఎందుకు కొన్నావు?" అన్నాను.

"నాకు వాటి సంగతేం తెలుసు? ఏది కొన్నా ఏదో ఒకరోజు ఆగుద్ది. ఆగినప్పుడు రావడానికి మనిషి కావాల. సరిగ్గా చూసి రాసిచ్చినోడు రాసిచ్చి పోతాడు, తప్పు చేసినోడే రోజూ వస్తాడు. యార్డులో ఇదే చూశాన్రా, మంచి కాయ కన్నా మొహమాటమున్న రైతు నయం."

"అడిగితే రానా బావా?" అన్నాను, కొంచెం ఉక్రోషంగానే.

"ఎందుకు రావూ, వస్తావు" అన్నాడు, నా భుజమ్మీద దూది నూగు దులుపుతూ. "రెండ్రోజులు వస్తావు."

ఉక్రోషం చాలాకాలం ఉంది. ఇప్పుడు నా వయసు ఆయన అప్పటి వయసు దాటాక, ఆ కుర్రాణ్ణి బాగా ఎరిగున్నవాడిగా చెబుతున్నాను, ఆయన లెక్క తప్పు. ఒక్కరోజే వచ్చేవాణ్ణి.