నల్లద్దం మోజు

మా మేనేజరుకు నలుపంటే మోజు. కారు నలుపు, కళ్లజోడు నలుపు. చివరికి మేం తయారుచేసే తూకం యంత్రాల తెర మీది అద్దం కూడా నల్లగానే ఉండాలన్నాడు. అప్పుడు నేను షాద్‌నగర్ దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో టెస్టింగ్ చేసేదాన్ని. మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ చదివి, రోజూ జడ్చర్ల నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని.

ఆ అద్దం వెనక గోరంత సెన్సర్ ఉంటుంది. చుట్టూ ఎంత వెలుతురుందో చూసి, ఎండలో తెర కాంతి పెంచడం, నీడలో తగ్గించడం దాని పని. మామూలు అద్దానికి లెక్క కట్టిన సెన్సర్ ముందు నల్లద్దం బిగిస్తే దానికి పట్టపగలు కూడా మసకే. ఆ మాటే చెప్పాను.

"గవన్నీ ఎవరు చూస్తరమ్మా? నల్లద్దం పెడితే ఫోన్ లెక్క కనవడ్తది. కస్టమర్‌కు లుక్ కావాలె," అన్నాడు.

ఆ లుక్‌తోనే యంత్రాలు వెళ్లాయి. నెల తిరక్కుండా హాలియా దగ్గరి ఒక రైస్‌మిల్లు నుంచి ఫిర్యాదు వచ్చింది. నన్నే పంపాడు. ఎండంటే ఆయనకు పడదట. మిల్లు ముందు ఆరుబయట ఉంది యంత్రం. బస్తా ఎక్కించిన హమాలీ పెద్దాయన తువ్వాల విప్పి తెర మీద కప్పి, అందులో తల దూర్చి అంకెలు చదువుతున్నాడు. ప్రతి బస్తాకూ అదే తంతు.

"గీ మిషన్‌కు కండ్లున్నయా బిడ్డా? నెత్తి మీద పొద్దుంటే పొద్దుగూకిందనుకుంటాంది. మీ సారును జర తోలు. ఒక్కపూట గిట్ల ముసుగేస్కొని సదవమను," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ అద్దాన్ని పాస్ చేసి పంపింది నేనే.

తిరిగొచ్చి చెబితే మేనేజర్ ఒక యంత్రాన్ని తన ఏసీ గదికి తెప్పించాడు. ట్యూబ్‌లైటు కింద పెట్టి సెన్సర్ లెక్కను సరిచేసే అంకె పెంచాడు. తెర వెలగగానే పొంగిపోయాడు. "గిదే నంబర్ అన్నిట్ల వెయ్యి. కాలిబ్రేషన్ అయిపోయింది." టేబుల్ మీది టీ ఇంకా చల్లారనే లేదు.

అద్దాల మీది నల్లరంగేమో ఒక్కోదాని మీద ఒక్కో మందాన ఉంది. ఒకటి వదిలే వెలుతురులో సగం కూడా ఇంకొకటి వదలదు. అన్నిటికీ ఒకే అంకె ఎలా సరిపోతుంది? ఆయనతో వాదించడం దండగ. మా ఫ్యాక్టరీలోనే యంత్రాలు బిగించే ఒక అక్కను తోడు తీసుకుని యంత్రాలన్నీ డాబా మీదికి మోశాను. తెర పక్కనే వెలుతురు కొలిచే లక్స్ మీటర్ పెట్టి అసలు వెలుతురెంతో, సెన్సర్ చెప్పేదెంతో చూసి, తేడాను బట్టి ఏ యంత్రం లెక్క దానికి ఎక్కించాం. మబ్బు కమ్మితే పని ఆగేది.

"సారుకు నలుపు మోజు, మనకు నల్లవడుడు," అంది అక్క చెమట తుడుచుకుంటూ.

మూడు రోజులు పట్టింది. తర్వాత హాలియా వెళ్లి అక్కడిదీ సరిచేశాను. పెద్దాయన నాలుగడుగుల దూరం నుంచే అంకె చదివి తలూపాడు.

ఆ వారమే కొత్తగా కొనేవాళ్లు చూడటానికి వచ్చారు. మేనేజర్ వాళ్లను డాబా ఎక్కించి, "కాలిబ్రేషనంతా నేనే దగ్గరుండి చేసిన," అన్నాడు. వచ్చినవాళ్లలో ఒకాయన, "నల్లద్దం వెనకున్న సెన్సర్‌ను ఎట్ల సెట్ చేసిన్రు?" అని అడిగాడు.

"సాఫ్ట్‌వేరే చూసుకుంటది," అన్నాడు మేనేజర్.

నేను లక్స్ మీటర్ మేనేజర్ చేతికిచ్చాను. "ఒకసారి చూపియ్యుండ్రి సార్."

వెలుతురు తగలాల్సిన తెల్లటి బుడిపెను నేల వైపు తిప్పి పట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో మీటరు అంకె పడిపోయింది. అక్క దగ్గు తెచ్చుకుని మొహం తిప్పుకుంది. ఆయన ఫోన్ తీసి చెవికి పెట్టుకుని, మోగని ఫోన్‌కు "ఆఁ, చెప్పుండ్రి" అంటూ మెట్లు దిగిపోయాడు.

మిగతాదంతా వాళ్లకు మేమిద్దరమే చూపించాం.