మడతలోకి పోయిన పేజీన్నర

గవర్నర్‌పేటలో మాది హోల్‌సేల్ చీరల షాపు. చీర చూపించడానికి మాకో పద్ధతుంది. ఎక్కడైనా పోగు తెగిందనుకోండి, ఆ చోటు లోపలికి పోయేలా మడత వేస్తాం. కొంగు నదురుగా ఉంటే చాలు, కొనేవాళ్లు మడతలు విప్పరు. ఈ విద్యలో నన్ను మించినవాళ్లు మా వీధిలో లేరు. దాన్ని తత్త్వశాస్త్రం మీద కూడా ప్రయోగించింది బహుశా నేనొక్కదాన్నే.

ఒక పాత తత్త్వగ్రంథాన్ని చదివి రికార్డు చేసి, ఎవరైనా ఉచితంగా వినేలా ఇంటర్నెట్‌లో పెట్టాలని మేం కొందరం పూనుకున్నాం. కొందరం అంటే ముగ్గురం. పుస్తకమంతా గురుశిష్యుల వాదన. గురువు ఒకటంటాడు, శిష్యుడు కాదంటాడు, ఇద్దరికీ వేరే పనున్నట్టు కనబడదు. మా స్టాకు గదే స్టూడియో. చుట్టూ చీరల కట్టలుంటే బయటి ఆటోల హారన్లు లోపలికి రావు.

చదివేది నేనూ, ఒక రిటైరైన నర్సూ. ఆవిడ ఆదివారాలు చర్చిలో బైబిలు చదివి వినిపిస్తారు. ఆ అలవాటు కొద్దీ మొదటి అధ్యాయం చివర, దేవుడున్నదీ లేనిదీ తేలదని గురువు తేల్చీ తేల్చగానే, "ఇది ప్రభువు వాక్కు" అని గంభీరంగా ముగించారు. నేను కట్టల మీద పడి నవ్వాను. ఆవిడ నాలిక్కరుచుకుని అధ్యాయమంతా మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు.

"చివరి ముక్క కత్తిరిస్తే పోయేదానికి మొత్తం ఎందుకండీ?" అన్నాను.

"మొత్తం చర్చిలో చదివినట్టే చదివేశాను వదినగారూ. వినేవాళ్లు పొరబడరూ?"

చాదస్తం అనుకున్నాను.

మూడో మనిషి పామర్రులో ఉంటారు. మా షాపుకి ఏళ్ల తరబడి చీరలు నేసి, చూపు పోయి మగ్గం దిగిన పెద్దాయన. నేను బాబాయిగారూ అంటాను. మేం పంపిన అధ్యాయాన్ని ఫోన్లో విని ఆయన సరే అన్నాకే లోకానికి వదలాలన్నది మా నియమం. "మగ్గం దిగాక ఇన్నాళ్లకి నాకో పని దొరికిందమ్మా" అని మురిసిపోయేవారు. పంపిన సాయంత్రానికల్లా ఫోన్ వచ్చేది: ఇక్కడ దగ్గావు, అక్కడ ఫ్యాను చప్పుడు పడింది.

ఆరో అధ్యాయం నా వంతు. ఎవరూ చూడనప్పుడు కూడా మనిషి నిజాయితీగా ఎందుకుండాలన్నది అందులో చర్చ. మధ్యలో శిష్యుడు ఒక వాదన ఎత్తుకుంటే పేజీన్నర దాకా ఊపిరి తీసుకునే చోటు లేదు. నాలుగుసార్లు తడబడ్డాను. అయిదోసారి ఒళ్లుమండి, గురువు ప్రశ్నకు శిష్యుడి "అవునండీ"ని నేరుగా అతికించేశాను. పేజీన్నర మడతలోకి పోయింది. పుస్తకం చూసి పట్టుకోవడానికి ఆయనకు కళ్లు లేవు కదా అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

ఆ సాయంత్రం ఫోన్ రాలేదు. వారమైనా రాలేదు. నేను చేస్తే తీయలేదు. ఎవరూ ఏమీ అనకుండానే భుజాలు తడుముకుంటూ, పుస్తకం సంచిలో వేసుకుని పామర్రు బస్సెక్కాను.

వసారాలో మంచం మీద కూర్చుని ఆయన ఫోను చెవికానించుకుని వింటున్నారు. ఆరో అధ్యాయమే. నా పలకరింపు వినబడగానే ఫోను దిండు కింద పెట్టేశారు.

"ఏంటి బాబాయిగారూ, ఫోన్ తీయట్లేదు?"

"ఏం చెప్పమంటావమ్మా! ముందంతా కాదు కాదన్న శిష్యుడు ఉన్నట్టుండి అవునండీ అనేస్తన్నాడు. ఎందుకొప్పుకున్నాడో అంతు పట్టట్లా. ఏడుసార్లు విన్నా. అంతటి గురువుగారి మాటలో తప్పెందుకుంటది? నాకే బుర్ర లేదు. అయిదో క్లాసుతో ఆపేసినోణ్ణి, నాకెందుకమ్మా ఇయ్యన్నీ? చదువుకున్నోళ్లకెవరికన్నా ఇచ్చుకోండి ఈ పని."

చీర వెనక్కి తెచ్చి మొహాన కొట్టినవాళ్లను ఎంతమందిని చూడలేదు! అప్పుడెప్పుడూ నాకు మాట తడబడలేదు.

"శిష్యుడు ఊరికే ఒప్పుకోలేదండీ" అన్నాను. "మధ్యలో పేజీన్నర వాదించాడు. అది నేను చదవకుండా దాటేశాను. కావాలనే."

తిడతారని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా విప్పారింది. ఇంట్లోకి తిరిగి భార్యను గట్టిగా కేకేశారు.

"ఇదిగో, ఇన్నావా! నా బుర్ర బానే ఉందంట! అమ్మాయే పేజీలు మింగేసిందంట!"

ఆ వారం రోజులూ ఆవిడతో తన గురించి ఏమని చెప్పుకున్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.