సుగంధిపాల వేసిన తేనెకల్లు

ఆడది కల్లు గురించి రాయడమేమిటని మూతి ముడిచేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను రాసేది మా అమ్మ చేసిన తేనెకల్లు గురించి. దాన్ని మనుషులకంటే ముందు తాగింది మా పొలిమేర మైసమ్మ. అమ్మవారికి లేని సిగ్గు నాకెందుకు?

మాది పెద్దమందడి దగ్గర మెట్ట పొలాల పల్లె. నిజాం కాలం. తొలకరికి ముందు, విత్తనాల మూట విప్పకముందే ఊరంతా మైసమ్మకు సాక పోసేది. సాక అంటే గద్దె ముందు నేలమీద పోసే కల్లు ధార. అమ్మవారికి పోశాక మిగిలింది దోసిళ్లలో పట్టి తాగుతారు. అందరూ ఈతకల్లు తెచ్చేవారు. మా ఇంటి నుంచి మాత్రం తేనెకల్లు వెళ్లేది, ముందు అదే పడాలి. ఆ పద్ధతి మా అమ్మతో వచ్చింది. ఆమె పుట్టిల్లు నాగర్‌కర్నూలు అవతల, అడవి అంచున. అక్కడి చెంచులు తేనె ఇచ్చి జొన్నలు పట్టుకుపోయేవారు. ఆ తేనెలో కాస్త ఏటా మా ఇంటికి చేరేది.

అమ్మ తేనెను నీళ్లలో కలిపి కుండలో పోసి, గుక్కెడు ఈతకల్లు తోడు వేసి, మూతికి గుడ్డ కట్టి గడ్డివాములో దాచేది. ఇంట్లో పులియబెట్టుకోవడం ఆబ్కారీ వాళ్లకు గిట్టదు మరి. పొంగు తగ్గాక ఉండేది అసలు పని. చెలక గట్లమీద సుగంధిపాల తీగ వెతికి, వేరు తవ్వి, కడిగి, నడిమి పుల్ల తీసి పారేసేది. పైబెరడు దంచి మూటకట్టి కుండలో వేలాడదీసేది. నాలుగు రోజులాగి గుడ్డ విప్పితే, అబ్బ, ఆ వాసన వాకిలి దాటి పోయేది! దానికి అయిన ఖర్చు అమ్మ చెమటే.

ఒక ఏడు చలికాలంలో నాన్న జ్వరంతో పోయాడు. అమ్మ గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. తొలకరి దగ్గర పడుతుండగా పెద్దనాయన, అంటే నాన్న అన్న, మా గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

“ఈ యేడు సాక మీ అక్క చేస్తది. నువ్వు కుండ ముట్టకు” అన్నాడు అమ్మతో. అక్క అంటే ఆయన భార్య, మా పెద్దమ్మ.

“ఎందుకు?” అన్నాను నేను. అప్పటికి నేను పెళ్లీడు పిల్లని, నోరు ఆగేది కాదు.

“ఎందుకేంది? ముండమోసిన చెయ్యి అమ్మోరికి పనికొస్తదా? ఊరు ఊకుంటదా?”

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గాజులు పగలగొట్టిన నాడు కన్నీరు రాని మనిషి ఆ పూట కుమిలి కుమిలి ఏడ్చింది. ఆ ఇంట్లో పొలం, గొడ్లు అన్నీ మగవాళ్లవి. అమ్మది అనడానికి ఉన్నది ఆ కుండ ఒక్కటే. అదీ పోతే ఇక బతుకంతా వెనక గదిలోనే. నాకు ఒళ్లు మండిపోయింది.

“నీకు నోరు లేదానే?” అని ఆమెమీదే అరిచాను.

“ఉన్నది. ఇయ్యాల కాదు” అంది.

తేనె వచ్చింది. పెద్దనాయన దాంట్లో సగానికి పైగా తన వాటాకు తీసుకుపోయాడు. అంతటితో ఊరుకున్నాడా? తన భార్య చేసే సాక అమ్మ చేసినదానికి తీసిపోకూడదు కదా. వనపర్తి పోయి, పెద్దోళ్ల ఇళ్లలో వండే వంటవాడెవరికో ఒక మేకను ఇచ్చి వేలెడంత సీసా తెచ్చాడు. వెనిలా అట. దొరలు మిఠాయిల్లో వేసుకుంటారట. వాకిట్లో బిరడా తీస్తే వాడంతా మూగింది. తలుపు చాటు నుంచి అమ్మ ముక్కు ఎగబీల్చి, పకపకా నవ్వేసింది. నాన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

“సుగంధిపాల వాసనే గదనే ఇది! గట్టుమీది తీగ ఏరుకు మేకను ఇచ్చొచ్చిండు మీ పెద్దనాయన!”

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

ఆ సీసాలోది కుండకు నాలుగు చుక్కలు చాలు. మా పెద్దమ్మకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? పైగా అమ్మవారి పేరు మీద తెచ్చినదాన్ని రవ్వంత కూడా ఇంట్లో దాచుకోకూడదని మా ఇంటి కట్టుబాటు. దాచుకుంటే కళ్లు పోతాయట. అందుకని భయభక్తులతో సీసా అంతా కుమ్మరించింది. అమ్మవారికి పోయకముందు ఎంగిలి చేయకూడదు, కాబట్టి నాలుక మీద చుక్క వేసుకుని చూసినవాళ్లూ లేరు.

సాక రోజు డప్పుల మధ్య పెద్దమ్మ కుండ ఎత్తుకుపోతుంటే వాసనకు జనం లొట్టలు వేశారు. సాక పడింది. మొదటి దోసిలి పెద్దనాయన పట్టాడు. గుటక వేశాడు. అయ్యో, ఆ మొహం చూడాలి! వేపాకు కషాయం తాగిన పిల్లాడు నయం. అమ్మవారిది ఉమ్మకూడదు గనక కళ్లనీళ్లతో మింగాడు. వెనకవాళ్లూ మింగారు.

అప్పుడు వచ్చింది మా అమ్మ. మిగిలిన తేనెతో, గట్టుమీది వేరుతో చేసిన కుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. విధవలు ఆ రోజు గడప దాటరు. డప్పులు ఆగిపోయాయి. పెద్దనాయన అడ్డంగా నిలబడ్డాడు.

“బుద్ధున్నదా నీకు? ఎనకకు పో.”

అంతవరకు అమ్మ బావగారి ఎదుట తల ఎత్తింది లేదు. ఆ రోజు ఎత్తింది.

“నా మొగడు సచ్చిండు బావా, నా చేతులు సావలే. జర పక్కకు జరుగు.”

“అరిష్టం! వాన రాదు!” అన్నారు ఎవరో గుంపులోంచి.

“రాకపోతే నన్ను తిట్టుర్రి. మరి వస్తే నాకు మొక్కుతరా?” అంది అమ్మ.

అమ్మ పెద్దనాయన పక్కనుంచి నడిచి వెళ్లి సాక పోసింది. మిగిలింది పట్టుకుని జనం వైపు తిరిగింది. ఎవరూ కదల్లేదు. నేను వెళ్లి దోసిలి పట్టాను. నా వెనకాల, మొగుడి వైపు చూడకుండా, పెద్దమ్మ వచ్చి దోసిలి పట్టింది. ఆ తర్వాత ఇక ఆగారా! నోళ్లన్నీ చేదుగా ఉన్నాయి కదా. పెద్దనాయన ఒక్కడే తాగలేదు. ఉన్నన్నాళ్లూ తాగలేదు. తాగకపోతే పోనీ!

వాన వచ్చిందా అని అడుగుతారు. మెట్ట పొలాలకు వాన ఎప్పుడు సరిగ్గా వచ్చింది గనక? ఒక ఏడు వచ్చింది, ఒక ఏడు ఎగ్గొట్టింది. మగవాళ్లు సాక పోసే ఊళ్లలోనూ అంతే. ఆ ఎగ్గొట్టిన వానలను మా అమ్మ నెత్తిన ఎవరు పెట్టబోయినా నేను ఊరుకోలేదు.

కొన్నేళ్లకు పెద్దనాయన పోయాడు. పెద్దమ్మ వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. తొలకరి దగ్గరికి వచ్చింది. అమ్మ తేనెకల్లు కుండ తీసుకుని నేరుగా ఆ గదిలోకి వెళ్లింది.

“లే అక్కా, పోదాం.”

“నాతోని కాదే. నా నొసలు సూడు.”

“ఇన్నేండ్లు నా నొసలు సూస్కుంటనే తాగినవ్ గద. లే.”

పెద్దమ్మ లేచింది. అమ్మ కుండను తీసి ఆమె నెత్తిన పెట్టింది. ఆ ఏడు సాక పెద్దమ్మ పోసింది. మొదటి దోసిలి మా అమ్మ పట్టింది.