మేమిద్దరమే వెళ్దామనుకున్న నావ

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి మా ఇద్దరికీ ఒక పగలంతా దొరికింది. దాన్ని కూడా మా ఆయన దారిన పోయేవాళ్ళకి పంచిపెట్టేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గుణుపురం దగ్గర మాది ఉమ్మడి కాపురం. పగలు మొగుడితో మాట్లాడితే సిగ్గులేనిదంటారు. వేసవి రాత్రులు అందరికీ వాకిట్లోనే పడక. ఇక నా గోడు ఎప్పుడు చెప్పుకోను? పిల్లల్లేని మా బావగారికి కొరాపుట్‌లో ఉద్యోగం. మూడేళ్ళ నా రెండో పిల్లని ఆయనకి పెంపకానికి ఇచ్చెయ్యాలని ఆ ఎండాకాలం మా అత్తగారు పట్టుపట్టింది. సరేననాల్సింది మా ఆయన. ఎలాగైనా ఆయన్ని ఒంటరిగా పట్టుకుని కాదనిపించాలని నా ఆరాటం.

పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి, చిన్న రైల్లో నౌపడ దిగి, సముద్రం పక్కన ఉన్న ఆయన మేనత్తని చూడ్డానికి వెళ్ళాం. నేనే ఆవిణ్ణి బతిమాలుకుంటే పొరుగింటి జాలరితో మాట్లాడింది. పొద్దున్నే తెరచాప ఎత్తి, ఒడ్డు వెంబడి తిప్పి, సాయంత్రానికి దించుతాడు. మేమిద్దరమే.

మర్నాడు ఇసకలో కాలుపెట్టామో లేదో, "ఇద్దరేనేటి బాబూ?" అని నవ్వాడు జాలరి. మా ఆయనకి ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది.

"ఇద్దరమేటి! మా అత్తోళ్ళు కూడా వస్తన్నారు. రండర్రా, సోటుంది!" అని సాగనంపడానికొచ్చిన అందర్నీ పిలిచాడు. చోటెక్కడుంది, ఆయన బుర్రలో తప్ప! మేనత్త, ఆవిడ కొడుకులు, కోడళ్ళు, చల్ల ముంతతో దారిన పోతున్న ఒక ముసలమ్మ కూడా ఎక్కి కూర్చున్నారు.

గాలి హాయిగా వీస్తోంది. సముద్రం చెరువులా పడుంది. ఏం లాభం? నేను ముందు కూర్చుంటే ఆయన వెనక చుక్కాని దగ్గరికి పోతాడు. నేను వెనక్కి జరిగితే తెరచాప తాడు పడతానని ముందుకొస్తాడు. నాగలి పట్టేవాడికి తెరచాప తాడేమిటి, నా ఖర్మ! జాలరి రెండుసార్లు చేతిలోంచి లాక్కున్నాడు.

మధ్యాహ్నానికి నాకు తెలిసొచ్చింది. ఇది సిగ్గు కాదు, నాకు చిక్కకుండా తిరుగుతున్నాడు.

"మీ అమ్మకి మాటిచ్చీసేవా?" అని అక్కణ్ణుంచే కేకేశాను.

"ఇప్పుడా గోలేటి? ఇంటికెళ్ళి మాట్లాడుకుందుం."

"ఇంట్లో నాకు నోరెక్కడిది? ఇక్కడే సెప్పు. నా సిన్నమ్మిని ఇచ్చీసేవా?"

"ఏట్రా అది? కన్నదాన్ని అడక్కుండానేటి?" అంది మేనత్త.

ఆయన తాడు నలుపుతూ, "ఈపాటికి అన్న వచ్చి తీసుకెళ్ళిపోయుంటాడు," అన్నాడు.

నావ ఎక్కుదామని నేనడగ్గానే ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు అర్థమైంది. వెర్రిముఖాన్ని, పొంగిపోయాను! తిప్పు, తిప్పు అని జాలరి మీద పడ్డాను. గాలి ఎదురు, సాయంత్రం దాకా ఒడ్డు అందదన్నాడు. అందరూ నన్ను ఊరుకోమనేవాళ్ళే. ముసలమ్మ చల్ల తాగమంది. ముంత తోసేశాను.

ఇల్లు చేరేసరికి పిల్ల లేదు. దాని గౌన్లు కూడా లేవు.

దసరాకి బావగారు తీసుకొచ్చారు. పరిగెత్తుకెళ్ళి ఎత్తుకోబోతే వెనక్కి జరిగి, నేర్పిన మాట నేర్పినట్టు, "పిన్నీ, బాగున్నావా?" అంది.