తేదీ లేని పటం

మొన్న నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు వైపు ఆటోలో వస్తుంటే, మా పల్లె ఇంకా రెండు మలుపుల దూరంలో ఉండగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. నాటు వేసి నెల తిరగని పైరు నీళ్ళ కింద పడి మురిగిన వాసన. ఒకసారి పీల్చినవాళ్ళు దాన్ని ఇంకో వాసన అనుకోరు. ఆటో నడిపే ఆయన అద్దంలో నా ముఖం చూసి, “పక్క పట్టా దించమంటారా అక్కా? వాసన జాస్తిగా ఉండాది,” అన్నాడు. వద్దన్నాను. అందులో నా చేతి పని ఉంది కాబట్టి నేను ముక్కు మూసుకోవడం న్యాయం కాదు. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు సలోమి మేడం గుర్తుకొస్తారు, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అంటే ముందు మా కాలేజీ పెద్దల మీద, తర్వాత నా మీద, చివరికి, అనకూడదేమో గానీ, ఆమె మీద కూడా.

సలోమి మేడం నెల్లూరులో నేను చదివిన కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. భుజానికి గుడ్డసంచి, అందులో కొలత టేపు, మూడు పెన్సిళ్ళు, కాళ్ళ మట్టి తుడుచుకోవడానికి ఒక పాత తువ్వాలు. “ఆదివారం చర్చికి, శనివారం మీకు, మిగతా రోజులు సిలబస్‌కు,” అనేవారు. ఇంతా చెప్తే మెత్తటి మనిషి అనుకుంటారేమో, కాదు. బద్ధకంగా ఆలోచించేవాళ్ళను చూస్తే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. నేను పల్లె నుంచి వచ్చిన రైతు పిల్లను, మార్కుల కోసం తప్ప చదవడం తెలియదు. మొదటి వారంలోనే నా నోటుబుక్కు తిరగేసి, “సుగుణా, నీ అక్షరాలు ముత్యాలమ్మా. లోపల మాత్రం ఎవరో చెప్పింది తప్ప నువ్వు చూసింది ఒక్కటీ లేదు,” అన్నారు. అందరి ముందూ అన్నందుకు రెండు రోజులు ఆమె వైపు చూడలేదు.

శనివారం మధ్యాహ్నం క్లాసుకు ఏ డిపార్ట్‌మెంటు వాళ్ళైనా రావచ్చు. వారానికో లెక్చరర్‌ను పిలిచి, ఆయన శాస్త్రంలోంచి ఒక వస్తువు తెమ్మనేవారు. బోర్డు మీద ఎప్పుడూ రెండే ప్రశ్నలు. ఇది ఎట్లా ఉంది? ఇది ఎట్లా జరుగుతోంది? మొదటిది నిర్మాణం, రెండోది ప్రక్రియ. ఏ శాస్త్రమైనా ఈ రెండింటిలో ఒకదాన్ని ముద్దు చేసి ఇంకోదాన్ని మరిచిపోతుందని ఆమె ఫిర్యాదు. వృక్షశాస్త్రం సార్ ఒకసారి తోటకూర కాడను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో లోపలి గొట్టాలు చూపించారు. మేమంతా ఆహా అన్నాం. ఆమె మాత్రం, “బాగుండాది సార్. ఇందులో నీళ్ళు పైకెక్కేది యాడ కనిపిస్తాది?” అన్నారు. ఆయన మంచివారు, నవ్వి, ఇంకో కాడను ఎర్రసిరా కలిపిన నీళ్ళలో నిలబెట్టారు. ఆ ఎరుపు పైకెక్కడం కోసం గంట కొట్టినా లేవకుండా కూర్చున్నాం.

సమాజశాస్త్రం మేడం తమ కుటుంబ వంశవృక్షం గీసుకొచ్చారు, గీతలన్నీ స్కేలుతో కొట్టినవి. “ఎవరికి ఎవరు ఏమవుతారో ఇందులో ఉండాది. ఎవరు ఎవరితో మాటలు మానేసినారో యాడుంది?” అని సలోమి మేడం అడిగితే క్లాసు క్లాసంతా ఘొల్లున నవ్వింది. పాపం ఆవిడ ముఖం కందిపోయింది. కానీ పై వారం అదే పటాన్ని మూడుసార్లు గీసి తెచ్చారు, పెద్దాయన ఉన్నప్పుడు ఒకటి, పోయినాక ఒకటి, ఇల్లు పంచుకున్నాక ఒకటి. చరిత్ర సార్ వంతు వచ్చినప్పుడు, కాలంతో అన్నీ మారిపోతాయంటూ ఆయన ఆగకుండా మాట్లాడారు. ఆయన్నూ వదల్లేదు. “అన్నీ మారతాయని చేతులు దులుపుకుంటే ఎట్టా సార్? మారేదాన్ని ఇన్నాళ్ళు నిలబెట్టింది ఏందో అది కూడా చెప్పాల గదా!” అన్నారు. ఇక మాకు ఆమె పెట్టిన నియమం ఒకటే. దేన్ని గీసినా మూడు వేర్వేరు కాలాల్లో మూడుసార్లు గీయాలి. ప్రతిదాని కింద నెల, రోజు, గంట, గీసినవాళ్ళ పేరు ఉండాలి. లేకపోతే దిద్దకుండా కాగితం వెనక్కి విసిరేసేవారు.

ఆ నియమం ఎందుకో నాకు బోధపడింది మొగ దగ్గర. మా పొలాల నీళ్ళన్నీ ఒక కాలువలో పడి, ఆ కాలువ ఉప్పుటేరులో పడి, ఏరు ఇసుక దిబ్బను చీల్చుకుని సముద్రంలో కలిసే చోటును మా వైపు మొగ అంటారు. మే నెలలో పొద్దున్నే అక్కడికి తీసుకెళ్ళి గీయమన్నారు. సన్నటి పాయ, చీలమండ లోతు నీళ్ళు. వానలు పడ్డాక మళ్ళీ తీసుకెళ్తే మేం గీసిన చోట ఇసుక తప్ప ఏమీ లేదు. ఉత్తరంగా ఆయాసం వచ్చేంత దూరం నడిచాక మొగ కనిపించింది. “మేం తప్పు గీసినామా మేడం?” అని బెదురుతూ అడిగాను. “తప్పేం లేదు. ఆ పొద్దుటికి అది నిజమే. కింద తేదీ లేకపోతేనే అబద్ధమయ్యేది,” అన్నారు.

ఆ రోజే పోలయ్య తాతను చూశాను. తీరంలో ఉన్న మత్స్యకారుల పల్లెకు ఆయన పెద్ద. ఏటా పెద్ద వాన పడి ఏరు నిండగానే దిబ్బకు గండి కొట్టి నీళ్ళను సముద్రంలోకి వదలాలి. మొగ తెంచడం అంటారు, అది మా రెండు పల్లెల ఉమ్మడి పని. రైతులు పారలు పట్టుకొస్తారు. తాత చెప్పులు విడిచి దిబ్బ మీద పైకీ కిందికీ నడుస్తాడు. ఒకచోట ఆగి మడమతో గుంట తొక్కుతాడు. అక్కడ తవ్వితే చాలు, మిగతాది నీళ్ళే చూసుకుంటాయి. ఏ ఏడూ పోయిన ఏటి చోటు కాదు. సలోమి మేడం ఆయన్ను శనివారం క్లాసుకు పిలిచి లెక్చరర్లు కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టారు. అది కాలేజీలో కొందరికి మింగుడు పడలేదు.

నేను పీజీ ముగించి ఆమె దగ్గరే సహాయకురాలిగా చేరిన ఏడు, మొగ దగ్గర రాతిగోడలు కట్టి నీటి తలుపులు పెట్టాలని ఒక కమిటీ వేశారు. గోడలు తెలిసినవాళ్ళు, చేపలు తెలిసినవాళ్ళు, భూములు తెలిసినవాళ్ళు, పటాలకు మేము. ఎవరి బల్ల వాళ్ళది. గోడలవాళ్ళకు గోడ ఎంత ఎత్తో తెలుసు, ఇసుక ఏం చేస్తుందో తమ పని కాదన్నారు. చేపలవాళ్ళకు చేప ఏ నెలలో లోపలికొస్తుందో తెలుసు, ఎటు నుంచి వస్తుందో గోడలవాళ్ళను అడగమన్నారు. పోలయ్య తాతను పిలిపించి, మొగ ఖచ్చితంగా ఎక్కడో చెప్పమన్నారు. “ఇప్పుడే ఎట్టా చెప్పేది సామీ? ఆ పొద్దు కాలు పెట్టి చూడాల,” అన్నాడాయన. కమిటీ రాసుకున్నది ఒక్క ముక్క: స్థానికులకు స్పష్టత లేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరిలోకీ స్పష్టత ఉన్నది ఆయన ఒక్కడికే.

సలోమి మేడం మూడు పటాలు వాళ్ళ ముందు పరిచారు. మే, ఆగస్టు, డిసెంబరు. మూడింట్లో మొగ మూడు చోట్ల ఉంది. “ఏదో ఒకటి ఇయ్యండి మేడం, పని నడవాల,” అన్నారెవరో. “మూడూ కలిస్తేనే ఒక పటం. విడదీసి ఇచ్చేది లేదు,” అని ఆమె పటాలు చుట్టుకుని లేచి వచ్చేశారు. నేను ఆమె వెనకాలే గర్వంగా నడిచాను. ఆ గర్వం నాలుగు రోజులు కూడా నిలవలేదు.

సోమవారం ఆమె సెలవులో ఉన్నారు. మా డిపార్ట్‌మెంటు హెడ్డు గారు నన్ను గదిలోకి పిలిచి, కూర్చోమని, ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. “మే నెల పటం ఒక్కటి ఇంకుతో శుభ్రంగా గీసియ్యమ్మా. కింద ఆ తేదీలూ గంటలూ ఎందుకు, చూసేవాళ్ళకు గందరగోళం. వచ్చే ఏడు పోస్టు పడతాది, నీ పేరు నేను రాస్తా.” మేడంకు చెప్పాలి కదా సార్ అన్నాను. “నేను చెప్తాలే,” అన్నారు. మధ్యాహ్నం మూడింటికల్లా ముగించాను. గీత ఎంతో అందంగా వచ్చింది. తేదీ వెయ్యాల్సిన మూల ఖాళీగా కనిపించింది, అయినా చుట్టి చేతికిచ్చాను. నన్నెవరూ బెదిరించలేదు. ఆ సంగతి మాత్రం నేను ఎవరి మీదికీ తొయ్యలేను.

నేను గీసిన చోటే గోడలు లేచాయి. ఇక మొగ తెంచే అవసరం లేదని, దిబ్బ మీద పార వేస్తే కేసు పెడతామని ఒక బోర్డు కూడా లేచింది. గాలి మళ్ళిన నెలల్లో తలుపుల ముందు ఇసుక నడుమెత్తున చేరింది. కార్తీకంలో వాన పట్టుకున్నప్పుడు తలుపులెత్తారు. ఎదురుగా ఇసుక గోడ. పొలాల మీద నీళ్ళు కదల్లేదు. పోలయ్య తాత ఇక ఆగలేక బోర్డు పక్కనుంచే నడిచి, ఉత్తరంగా పోయి, మడమతో గుంట తొక్కేటప్పటికి తొమ్మిది రోజులైంది. రెండు పల్లెలవాళ్ళూ తవ్వారు, నీళ్ళు పోయాయి, పైరు మాత్రం అప్పటికే పోయింది. మా నాయన ఒక దుబ్బు పీకి, వాసన చూసి, నా చేతిలో పెట్టాడు. “చదువుకున్నోళ్ళు గీసినారంట ఆ పటం. మీ కాలేజీలోనేనంట గదమ్మా?” అన్నాడు. ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు.

పటం మీద గీసినవాళ్ళ పేరు లేదు, డిపార్ట్‌మెంటు ముద్ర ఉంది. పటాలకు బాధ్యురాలు సలోమి మేడం కాబట్టి సంజాయిషీ ఆమెను అడిగారు. హెడ్డు గారు తమకేమీ తెలియదన్నారు. తెలియదట! నేను ఆ సాయంత్రమే ఆమె ఇంటికి పరుగెత్తాను. వరండాలో కూర్చుని గొడుగు కమ్మికి దారం కడుతున్నారు. “మేడం, ఆ పటం...” అన్నాను. “నువ్వే గీసినావు. నీ చేతిగీత నాకు తెలీదా?” అన్నారు తలెత్తకుండా. నా పేరు చెప్పేయండి మేడం అని ఏడ్చాను. “నాకు ఇంకా రెండేళ్ళే ఉండాది సర్వీసు. నీకు ముందంతా ఉండాది. అయినా వాళ్ళు అడిగేది ఎవరు చేసినారని. ఎట్టా జరిగిందని ఒక్కరన్నా అడిగినారా? అడగనీ, అప్పుడు మొదట్నుంచీ చెప్తా.” కనీసం తిట్టండి మేడం అన్నాను. ఆమె అప్పుడు తలెత్తి చూశారు. “తిడితే నీకు తేలికవుతాది. తిట్టను,” అన్నారు.

ఎవరూ అడగలేదు. ఆమెను పాఠాల నుంచి తప్పించి లైబ్రరీ మూల ఒక బల్ల ఇచ్చారు. శనివారం క్లాసు ఆగిపోయింది. మళ్ళీ ఎవరి శాస్త్రం వాళ్ళ గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఆ రెండేళ్ళూ నేను రోజూ ఆ బల్ల ముందు నుంచే క్లాసుకు నడిచాను, ఎందుకంటే పోస్టు నాకొచ్చింది. రిటైరైన కొన్నాళ్ళకే ఆమె పోయారు. సమాధి దగ్గర హెడ్డు గారు, ఆమె తనకు తోబుట్టువు లాంటిదని చాలాసేపు మాట్లాడారు. చేతిలో ఉన్న పూలు ఆయన ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. పోలయ్య తాత మాత్రం ఒక చివర నిలబడి, చెప్పులు విడిచి, చేతులు జోడించాడు.

ఇప్పుడు ఆ తాతా లేడు. గోడలు ఉన్నాయి, బోర్డు తుప్పుపట్టినా ఉంది. ఏటా జనం భయపడుతూ ఆలస్యంగా తెంచుతున్నారు, ఏటా కొంత పైరు మురుగుతోంది. పోయిన నెల కొత్త కమిటీ వేసి, ఆ గోడలనే ఇంకా పొడిగిస్తామన్నారు. కాలేజీ తరఫున సంతకం పెట్టాల్సింది ఈసారి నేను. అందుకే ముందు మా పొలం చూసొద్దామని మొన్న ఆటో ఎక్కాను. ఆమె గుడ్డసంచి ఇప్పుడు నా భుజానికే ఉంటుంది, ఆమె చెల్లెలు ఇచ్చింది. టేపు మారింది, పెన్సిళ్ళు మాత్రం మూడే.

నిన్న సమావేశంలో తెర మీద ఆధారపటం అని వేశారు. నా పటమే. కింది మూల ఇప్పటికీ ఖాళీగా ఉంది. అంత అందంగా గీసినందుకు అసహ్యం వేసింది. అసలు కాగితం ఫైల్లో ఉందా అని అడిగితే ఒక కుర్ర ఇంజినీరు తీసిచ్చాడు. బల్ల మీద పరిచి, సంచిలోంచి పెన్ను తీసి, ఆ మూల రాశాను. మే నెల, పన్నెండో తేదీ, ఉదయం ఆరున్నర. గీసింది సుగుణ. “మేడం, పాత రికార్డు మీద ఇప్పుడు రాయకూడదేమో,” అన్నాడా అబ్బాయి. రాయాల్సిన రోజున రాయలేదు నాయనా అన్నాను. అధ్యక్షులవారు గడియారం చూసుకుని, సంతకం ఒక్కటి పెడితే ముగిద్దామన్నారు. పెన్ను మూత పెట్టి సంచిలో వేసుకున్నాను. “ఇది ఎట్టా జరిగిందని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. మీరూ అడగరు. అడగకపోయినా చెప్తాను, కూర్చోండి,” అన్నాను. లేవబోయినవాళ్ళు కూర్చున్నారు. నేను సలోమి మేడం పేరు చెప్పి, మే నెల దగ్గర మొదలుపెట్టాను.