నేలతల్లి పెళ్ళికల్లు

"నీకు ఇప్పటికి ఎంతమంది మొగుళ్ళే?" అని పొరుగింటి డెర్వల్ అడిగితే, బార్లీ కల్లు వడగడుతున్న గొర్మ్లా తలెత్తకుండానే "రేపటివాడితో కలిపి నలుగురు. ఒక్కడూ నా గుమ్మం తొక్కలేదు" అంది. కొనాక్ట్ రాజ్యంలో ఎవడు రాజైనా, పట్టం కట్టే దిబ్బమీద నేలతల్లిగా నిలబడి పెళ్ళికల్లు పొయ్యవలసింది ఈ విధవరాలే. అది తాగితేనే నేల అతన్ని వరించినట్టు. కాళ్ళకు మొక్కేవాళ్ళకు ఆమె గోళ్ళలోని బార్లీ పొట్టు కనపడదు. నాలుగోవాడు ఫియాక్రా వచ్చేసరికి బార్లీ అరువు తేవలసివచ్చింది; తీర్చకపోతే ఉన్న ఒక్క పాడావూ పోతుంది. అందుకని అతను చెయ్యి చాపగానే కొమ్ముగిన్నె వెనక్కి లాక్కుని బార్లీ వెల అడిగింది. జనం నోళ్ళు తెరిచారు.

"నేలతల్లి కూడా వెల అడుగుతుందా?" అన్నాడు రాజు.

"నేల అడగదు నాయనా, బార్లీ ఇచ్చినవాడు అడుగుతాడు."

రాజు అందరి ముందూ వెల ఇస్తానని మాటిచ్చి గటగటా తాగేశాడు. ఆడినమాట తప్పనివాడని కవులిప్పుడు అతన్ని పొగుడుతున్నారు. గొర్మ్లా ఆవు, బార్లీ అరువిచ్చినవాడి దొడ్లో ఉంది. బార్లీ వెల రాజు ఇంకా ఇవ్వలేదు.