దండ వేసే ఫోటో

సీరియల్లో మనిషిని చంపాలనుకుంటే ముందుగా అతనికి చెప్పరు. ఫోటో తీస్తారు, గోడకు తగిలించి దండ వేయడానికి. అందుకే ఆ రోజు మేకప్ గది ముందు కాస్ట్యూమ్ అతను గట్టిగా "బాపూ, గిట్ల నిలబడు. ఫోటో తీస్త, జర నవ్వు" అనగానే నాకు సంగతి అర్థమైంది. నవ్వాను. ఎట్లా నవ్వానో నాకే తెలియదు.

ఎందుకు చంపుతున్నారో నాకు తెలుసు. సీరియళ్లలో మేం మాటలు బట్టీ పట్టం. కెమెరా పక్కన ఒకడు నిలబడి అందిస్తాడు, మేం అంటాం. తాత, పూజారి, జడ్జి, అన్ని వేషాలూ నేను చెవితోనే వేశాను. ఆ చెవులు మొద్దుబారాయి. అందించిన మాట అందక షాట్లు పాడుచేస్తున్నాను. పోనీ కాగితం అడుగుదామా అంటే, అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. నేను కూడబలుక్కునేసరికి లైట్లు ఆర్పేస్తారు.

ఛత్రినాకలోని ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ గరిటె పట్టుకునే నా చెవి దగ్గరికొచ్చి అరిచింది.

"బతికున్నోనికి దండేంది? వద్దని చెప్పకపోయినవా?"

"చెప్తే రేపటిసంది రావద్దంటరు."

"ఇప్పుడేం రమ్మంటున్నరా? చంపుతనే ఉన్నరు గద!"

ఆమెకు దండంటే భయం. నా భయం వేరు. ఈ వేషం పోతే చెవిటి ముసలాణ్ణి ఇంకెవడు పిలుస్తాడు? ఇంట్లో కూర్చుంటే నిజంగానే పోతాను.

మర్నాడు డైరెక్టర్ దగ్గరికి పోయాను. నా కొడుకు వయసువాడు.

"సార్, నన్నెప్పుడు చంపుతున్నరు?"

అతను లేచి వచ్చి నా చెవిలో అరిచాడు. "సోమవారం, పెద్దాయనా. గుండెపోటు."

"పక్షవాతం పెట్టుండ్రి సార్. మంచంల పడుంట. మాటే లేకపోతే ఇంక వినేదేముంది?"

అతను నవ్వాడు. తర్వాత రచయితకు ఫోన్ చేశాడు. ఒక్క ముక్కా నాకు వినబడలేదు. అతని పెదాలనే చూస్తూ నిలబడ్డాను. చివరికి అతను సరేనని తలూపాడు.

ఇప్పుడు రోజూ మంచం మీద, మూతి వంకర పెట్టి, పైకప్పు చూస్తూ పడుకుంటాను. కోడలి వేషం వేసే అమ్మాయి పక్కన కూర్చుని ఏడుస్తుంది. 'కట్' అన్నది నాకు వినబడదు. ఆ అమ్మాయి చేయి తడితే లేస్తాను. మొన్న తట్టడం మరిచిపోయి భోజనానికి పోయింది. అందరూ పోయారు. నేను కదలలేదు. కదిలితే షాట్ పోతుంది, షాట్ పోతే వేషం పోతుంది. ఒక్కొక్క లైటూ ఆరిపోయింది. అప్పుడు కూడా లేవడానికి నాకు ధైర్యం చాలలేదు.